"దండ వెయ్యడానికా ఈ ఫోటో?": ఇంటి స్టూడియోలో ఒక మామ్మగారి పోర్ట్రెయిట్

మొన్న కార్తీక మాసంలో ఒక ఉదయం ఫోన్ వచ్చింది. "మా అమ్మకి ఎనభై నిండుతున్నాయండి. మంచి ఫోటో ఒకటి తీయించాలి" అన్నారు అవతల ఒకావిడ. ఎంత సైజు, ఎంతవుతుంది అన్న మాటలు అయ్యాక కాస్త ఆగి అసలు సంగతి చెప్పారు. మూడేళ్ళ క్రితం వాళ్ళ నాన్నగారు పోయినప్పుడు, ఆయన ఒక్కరే ఉన్న ఫోటో ఇంట్లో ఒక్కటీ దొరకలేదట. ఎవరి పెళ్ళిలోనో దిగిన గ్రూపు ఫోటోలోంచి ముఖం కత్తిరించి, ఆయన జన్మలో వేసుకోని కోటు తొడిగి, వెనకాల నీలం రంగు పెట్టి పెద్దది చేయించారు. పెద్దకర్మ రోజు దానికే దండ వేశారు. "అందులో ఉన్నది మా నాన్న కాదండి. మూడేళ్ళుగా రోజూ చూస్తున్నా అలవాటు కావట్లేదు" అన్నారు.

రాజమహేంద్రవరం దానవాయిపేటలో, మా ఇంటి ముందు గదిలోనే నేను పోర్ట్రెయిట్లు తీస్తాను. తొమ్మిదేళ్ళయింది. బయట బోర్డు లేదు. ఒకరు చెబితే ఇంకొకరు వస్తారు. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఆడవాళ్ళు, బాలింతలు, పెద్దవాళ్ళు. బజార్లో స్టూడియో మెట్లెక్కడానికి మొహమాటపడేవాళ్ళు మా ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు వస్తారు. ఇది కొత్త సంగతేమీ కాదు. నిజాం దగ్గర ఫోటోగ్రాఫర్‌గా ఉన్న లాలా దీన్ దయాళ్ 1892లోనే హైదరాబాద్‌లో ఆడవాళ్ళ కోసం విడిగా జనానా స్టూడియో పెట్టి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళ చేతిలో ఉంచారు. ఎవరి ఎదుట కూర్చుంటున్నాం అన్నదాన్ని బట్టి ముఖం మారుతుందని ఆయనకి అప్పుడే తెలుసు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది కెమెరా ఏది, లెన్సు ఏది అని. వాళ్ళ కోసం ఈ ఒక్క కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. ఆ కుటుంబాన్ని అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం చెప్పడం లేదు.

కెమెరా లేకుండా వెళ్ళిన రోజు

పెద్దవాళ్ళ ఫోటో అయితే ముందు ఒకసారి వాళ్ళింటికి వెళ్ళి వస్తాను. కెమెరా తీసుకెళ్ళను. ఆర్యాపురంలో వాళ్ళ ఇల్లు. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నారు మామ్మగారు. కూతురు నన్ను పరిచయం చెయ్యగానే, కళ్ళజోడు పైనుంచి నన్ను ఎగాదిగా చూసి అడిగారు:

"ఏమ్మా, దండ వెయ్యడానికా ఈ ఫోటో?"

"అమ్మా, ఏం మాటలవి!" అని కూతురు కసిరారు. నాకు మాత్రం ఆ ప్రశ్న న్యాయంగానే అనిపించింది. మన ఇళ్ళలో ఒక్క మనిషి ఫోటో పెద్దదిగా ఫ్రేము కట్టి గోడ మీద ఉందంటే, నూటికి తొంభై పాళ్ళు ఆ మనిషి లేనట్టే. ఎనభై ఏళ్ళ మనిషికి అది తెలియదా?

"ఎప్పటికైనా ప్రతి ఫోటోకీ ఆ పని పడుతుంది మామ్మగారూ. ఇది మాత్రం మీరు చూసుకోడానికి. మీకు నచ్చకపోతే గోడకెక్కదు" అన్నాను.

"నాకు నచ్చకపోతే ఏం చేస్తావు?"

"చింపేద్దాం."

ఆవిడ నవ్వారు. నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కట్టుడు పళ్ళు ఉన్నాయట గానీ ఇంట్లో పెట్టుకోరట.

ఆ గంటలో నా పుస్తకంలో రాసుకున్నవి ఇవి. ఎడమ చెవి సరిగ్గా వినపడదు కాబట్టి నేను కుడివైపు ఉండాలి. ఒళ్ళో ఊరికే పెట్టుకుంటే కుడి చెయ్యి వణుకుతుంది. శుక్లాల ఆపరేషన్ అయింది, రెండు పవర్ల కళ్ళజోడు. పొద్దున కాఫీ తర్వాత చురుగ్గా ఉంటారు, పదకొండు దాటితే కునుకు. నుదుట విభూతి రేఖ ఒక్కటే, బొట్టు లేదు. కూతురికి నేను చెప్పింది ఒక్కటే: "ఏ చీర కట్టినా పర్లేదు అక్కా, కానీ ఇంట్లో రోజూ కట్టుకునేది కూడా ఒకటి సంచిలో పెట్టుకురండి."

తిరిగొస్తూ ఆటోలో ఆ ప్రశ్నే ఆలోచించాను. దండ ఫోటోకీ, బతికున్న మనిషి ఫోటోకీ చూడగానే తెలిసే తేడా ఏమిటి? దండ ఫోటోలో కళ్ళల్లో వెలుగు ఉండదు. చర్మం రంగు అందరిదీ ఒకటే. మనిషి నిటారుగా, ఎవరో నిలబెట్టినట్టు ఉంటారు. ఈ మూడూ ఈ ఫోటోలో ఉండకూడదు అనుకున్నాను. ఆ తర్వాత నేను చేసిన పనంతా దీని చుట్టూనే తిరిగింది.

గది

మా ముందు గది 11 అడుగులకి 13. ఉత్తరం గోడకి నాలుగడుగుల కిటికీ ఉంది. నా స్టూడియో అంటే ఆ కిటికీయే. ఉత్తరపు కిటికీ వెలుగు మెత్తగా, మారకుండా ఉంటుందని అందరూ చెబుతారు. మన దగ్గర ఒక మెలిక ఉంది. ఈ ఊరు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. ఆ నెలల్లో ఉత్తరపు కిటికీలోంచి కూడా పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా లోపలికి దూరుతుంది. చలిదేశాల పాఠాలు చూసి నేర్చుకున్న నాకు ఇది మొదటి వేసవిలో గానీ తెలిసిరాలేదు. కార్తీకంలో ఆ బెడద లేదు.

ముందురోజు సాయంత్రం మా అత్తయ్యని కుర్చీలో కూర్చోబెట్టి నాలుగు ఫోటోలు తీసి చూశాను. కంప్యూటర్లో పెద్దది చేసి చూస్తే ఆవిడ కంటిపాపలో కిటికీ ఊచలు కనిపించాయి. చిన్న జైలు గదిలా. మామూలుగా ఎవరూ పట్టించుకోరు గానీ, కళ్ళల్లో వెలుగే కదా నాకు కావలసింది. మావారి తెల్ల పంచె ఒకటి ఉతికింది తీసి కిటికీకి అడ్డంగా బిగించి కట్టాను. వెలుతురు దాదాపు సగానికి పడిపోయింది, అయినా ఊచలు పోయి కంట్లో ఒక తెల్లని పలక నిలిచింది.

ట్యూబ్‌లైటు ఆపేశాను. కిటికీ వెలుగు ఒక రంగు, ట్యూబ్‌లైటుది ఇంకో రంగు. రెండూ ఒకే ముఖం మీద పడితే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా విడదీయలేదు. కుర్చీ కిటికీకి మూడున్నర అడుగుల దూరంలో వేశాను. మరీ దగ్గరైతే ఒక చెంప వెలిగిపోయి రెండోది చీకట్లోకి వెళ్తుంది, ముడతలన్నీ చాళ్ళలా లేస్తాయి. నీడ వైపు మూడడుగుల థర్మాకోల్ షీటు నిలబెట్టాను. అది నీడని తేలిక చెయ్యడానికే కాదు. మా గదిలో ఆ వైపు గోడ లేత ఆకుపచ్చ. గోడ మీద పడిన వెలుగు ఆ రంగు పూసుకుని వచ్చి చెంప మీద వాలుతుంది. అందుకే మధ్యలో తెల్లటి అడ్డు. ఈ థర్మాకోల్ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

కెమెరా క్రాప్ సెన్సర్‌ది (వెలుగుని పట్టే పలక పాత ఫిల్ము ఫ్రేము కన్నా చిన్నది), 24 మెగాపిక్సెల్. దానికి 50 ఎంఎం లెన్సు. ఇంత చిన్న గదిలో నడుము నుంచి పైకి తియ్యడానికి అది చాలు. లెన్సు కన్ను ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె తగ్గేకొద్దీ కన్ను పెద్దదవుతుంది) గానీ అంత తెరవలేదు. నాలుగడుగుల దూరంలో 1.8 పెడితే స్పష్టంగా వచ్చే మేర సుమారు నాలుగు సెంటీమీటర్లే. తల కాస్త పక్కకి తిరిగితే ఒక కన్ను పదునుగా, రెండోది మసగ్గా వస్తుంది. అందుకని ఎఫ్ 4. చెయ్యి వణుకు తెలియకుండా షట్టర్ సెకనులో 200వ వంతు, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 800.

ఆ రోజు

తొమ్మిదిన్నరకి వస్తామన్నవాళ్ళు తొమ్మిదింటికే వచ్చేశారు. మామ్మగారితో పాటు కొడుకు, కోడలు, కూతురు, మనవరాలు. మామ్మగారు కొత్త పట్టుచీరలో, కట్టుడు పళ్ళతో ఉన్నారు. నేను వరండాలో చూసిన మనిషి కాదు. పళ్ళ సెట్టు పెదవుల్ని ముందుకు తోస్తోంది. జరీ అంచు కిటికీ వెలుగుకి తళుక్కుమని, చూపంతా అటే లాగుతోంది.

"నవ్వమ్మా." "కాస్త నిటారుగా కూర్చో నానమ్మా." "కళ్ళు పెద్దవి చెయ్." నాలుగు దిక్కుల నుంచీ నాలుగు మాటలు. ఆవిడ ఎవరు చెప్పింది వాళ్ళకి చేస్తున్నారు. గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిద రంగు అట్ట) ఒకసారి చేతికిచ్చి రంగు కోసం ఒక ఫోటో తీసుకుని, 40 దాకా ఫ్రేములు తీశాను. ఒక్కటీ పనికిరాలేదు. కళ్ళజోడు అద్దాల్లో తెల్ల పంచె మొత్తం కనిపిస్తోంది. చెవుల మీద కాడల్ని కొంచెం పైకి లేపితే అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది, మామూలుగా నేను చేసేది అదే. చేశాను, మెరుపు పోయింది. ముఖంలో బిగుసుకుపోవడం మాత్రం పోలేదు. కుడి చెయ్యి చీర కుచ్చిళ్ళ మీద వణుకుతూనే ఉంది. దాన్ని ఎడమ చేత్తో అదిమి పట్టుకున్నారు.

అది చూడలేకపోయాను. "పెసరట్లు చల్లారిపోతాయి, లోపలికి రండి" అని అత్తయ్య చేత పిలిపించి మిగతావాళ్ళని వెనక గదిలోకి పంపాను. ఇలాంటప్పుడు ఒక ముఫ్ఫై నిమిషాలు దొరకడానికి టిఫిను నాకు లైటు స్టాండు ఎంత అవసరమో అంత అవసరం.

మామ్మగారు మంచినీళ్ళు అడిగారు. వంటింట్లోకి తీసుకెళ్ళాను. అక్కడ కింద పేపరు మీద నాలుగు గోంగూర కట్టలు, అప్పటికి సగం ఒలిచి ఉన్నాయి. ఆవిడ చూపు దాని మీద పడింది.

"ఎవరు ఒలుస్తున్నారిది? కాడతో సహా తుంచేస్తున్నారే!"

"నేనేనండి" అన్నారు అత్తయ్య పెనం దగ్గర నుంచి.

"పచ్చడికైతే కాడ రానివ్వకూడదమ్మా. పీచు తగుల్తుంది. ఇటు తే."

నాకు కావలసింది అదే. కాకపోతే మా వంటింట్లో వెలుతురు లేదు. చేటలో గోంగూర వేసి ముందు గదిలోకి తెచ్చి, కిటికీ దగ్గర కుర్చీలో ఆవిడ ఒళ్ళో పెట్టబోయాను. "పట్టుచీర మీదా?" అని ఆగిపోయారు. సంచిలో ఉన్న చీర అప్పుడు పనికొచ్చింది. బండారులంక నేత చీర, బూడిద రంగుకి సన్నని ఎరుపు అంచు, ఉతికి ఉతికి మెత్తబడింది. కట్టుకుని వచ్చేటప్పటికి పళ్ళ సెట్టు కూడా జేబురుమాలులో మూట కట్టేశారు. నేను చెప్పలేదు.

ఆ తర్వాత జరిగింది పావుగంట. ఊరికే ఉంటే వణికే చెయ్యి, పని దొరకగానే కుదురుకుంది. ఎడమ చేత్తో కాడ పట్టుకుని, కుడి చేతి బొటనవేలి గోరుతో ఆకు మొదట్లో నొక్కి, టిక్కుమని తుంచి చేటలో పడేస్తున్నారు. చేతివంక చూడటం లేదు. వేలి చివర ఎర్రకాడ రంగు అంటుకుంది. కళ్ళజోడు ముక్కు మీదికి జారింది. నేను ఆవిడ కుడివైపు తక్కువ ఎత్తు స్టూలు మీద కూర్చుని, కెమెరా మోకాలి మీద పెట్టుకుని అడుగుతున్నాను: ఎండుమిర్చి ఎప్పుడు వెయ్యాలి, ఉల్లిపాయ నంజుకోవాలా కలపాలా అని. ఒక్కో ప్రశ్నకీ రెండు మూడు ఫోటోలు.

"కుక్కర్లో ఉడికిస్తే కూడా బాగుంటుందట కదా మామ్మగారూ?" అన్నాను.

తల పైకెత్తారు. జారిన కళ్ళజోడు పైనుంచి నేరుగా నావైపు చూశారు. అద్దాలు అడ్డం లేవు, మెరుపు లేదు. రెండు కళ్ళలోనూ తెల్ల పలకలు. కనుబొమలు ముడిపడ్డాయి, పెదవి చివర మాత్రం నవ్వు మొదలవుతోంది. అప్పుడు నొక్కాను. వరండాలో మొదటిరోజు నన్ను ఎగాదిగా చూసిన చూపు ఇదే.

మొత్తం 186 ఫ్రేములు. ఇంట్లోవాళ్ళు టిఫిను చేసి వచ్చేసరికి నేను లెన్సు మూత పెట్టేశాను. తర్వాత అందరితో కలిపి ఓ పది తీశాను, అవి బాగానే వచ్చాయి.

కంప్యూటర్ ముందు

ఆ రాత్రి కెమెరా మెమరీ కార్డులోవి రెండు డిస్కుల్లోకి ఎక్కించాకే భోజనం చేశాను. ఇది నాకు వ్రతం లాంటిది.

మర్నాడు ఆ ఫోటో తెరిస్తే ప్రాణం ఉసూరుమంది. నీడ వైపు చెంప, మెడ కింద భాగం ఆకుపచ్చగా ఉన్నాయి. చేట తెచ్చి కుర్చీ సర్దే హడావిడిలో థర్మాకోల్ షీటు పక్కకి తీసి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను. గోడ తన రంగంతా ఆవిడ చెంపకి పూసేసింది. గ్రే కార్డుతో సరిచేస్తే కిటికీ వైపు ముఖం మాత్రమే సరైంది. నీడ వైపు విడిగా మాస్కు గీసి (ఆ భాగం ఒక్కటే మారేలా వేరుచేసి), పచ్చదనం కొంచెం కొంచెం తగ్గిస్తూ, చెవి తమ్మె దగ్గర, మెడ ముడతల దగ్గర వేరువేరుగా సరిచేశాను. ఒక్క నిమిషం షీటు పెట్టి ఉంటే అక్కర్లేని పనికి రెండున్నర గంటలు పట్టింది. ఆ గోడకి ఈ సంక్రాంతికి తెల్ల సున్నం వేయించాను.

మిగతా ఎడిటింగు తక్కువే. వారం పది రోజుల్లో పోయేది తీసేస్తాను, ఏళ్ళుగా ఉన్నదాన్ని ముట్టుకోను. బుగ్గ మీద దోమ కుట్టిన దద్దురు తీశాను. గడ్డం కింద పుట్టుమచ్చ, కళ్ళ చివర్ల గీతలు, చెంప మీద మంగు అలాగే ఉంచాను.

చూడటానికి కొడుకు, కూతురు వచ్చారు. కొడుకు ఫోటో చూసి బాగుందన్నారు. కాసేపాగి "కొంచెం తెల్లగా చెయ్యండి, ఆ మంగు కూడా తీసెయ్యండి" అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు. పెళ్ళి ఫోటోల నుంచి పసిపిల్లల ఫోటోల దాకా రోజూ వింటాను. దీని వెనక పాత కథ ఉంది. రంగుల ఫిల్ము రోజుల్లో కొడాక్ సంస్థ ల్యాబులకి రంగు సరిచూసుకోడానికి 'షర్లీ కార్డు' అని ఒకటి పంపేది. దాని మీద తెల్లజాతి అమ్మాయి ఫోటో ఉండేది. దశాబ్దాల తరబడి ఆ చర్మం సరిగ్గా వస్తే రంగు సరిగ్గా వచ్చినట్టే లెక్క. గోధుమరంగు, చామనఛాయ, నలుపు మనుషులు ఆ లెక్కలో లేరు. ఇప్పుడు ఫోనే అడక్కుండా ముఖం తెల్లగా, నున్నగా చేసిపెడుతోంది. అది చూసీ చూసీ, అసలు రంగు కనిపిస్తే పొరపాటు జరిగిందేమో అనుకుంటున్నాం.

ఇదంతా నేను ఆయనకి పాఠంలా చెప్పలేదు. అడిగినట్టే తెల్లగా, నున్నగా ఇంకో ఫైలు చేసి, రెండూ 4 బై 6 సైజులో ప్రింటు తీయించి పక్కపక్కన పెట్టాను. స్క్రీను మీద కాదు, చేతిలోకి ఇవ్వాలి. ఆయన తెల్లటిది పట్టుకుని చాలాసేపు చూశారు. "ఇది మా పెద్దత్తలా ఉందేంటి" అని కింద పెట్టేశారు.

కూతురి కోరిక వేరు. "చిన్న ఎర్రబొట్టు పెట్టగలరా ఫోటోలో? నాన్న ఉన్నప్పుడు అమ్మ ముఖం ఎంత కళగా ఉండేదో" అన్నారు. గొంతు పూడుకుపోయింది ఆవిడకి. చెయ్యడం రెండు నిమిషాల పని. ఆవిడ దుఃఖం నాకు అర్థమైంది, వద్దు అనడానికి నేనెవరిని? కానీ ఆ నుదురు ఆవిడది కాదు, వాళ్ళమ్మది. "మామ్మగారిని అడిగి చెప్పండి అక్కా, ఆవిడ సరేనంటే పెడతాను" అన్నాను. అక్కడే ఫోన్ కలిపారు. స్పీకర్లో మామ్మగారి మాట వినిపించింది:

"ఆయనున్నప్పుడు దిగినవాటిలో ఉందిగా అమ్మా. ఇది ఇప్పటిది కదా."

విభూతి రేఖ అలాగే ఉంది.

కాగితం మీదికి

మొదటి పరీక్ష ప్రింటు చీకటిగా వచ్చింది. తప్పు ల్యాబుది కాదు, నాది. రాత్రిపూట మానిటర్ వెలుగు బాగా పెంచుకుని ఎడిట్ చేశాను, అక్కడ వెలుతురుగా కనిపించింది కాగితం మీద మునిగిపోయింది. అందుకే పెద్ద ప్రింటుకి ముందు చిన్న ప్రింటు తప్పనిసరి. మానిటర్ తగ్గించి, ఫైలు వెలుతురు కొంచెం (అర స్టాపు) పెంచి మళ్ళీ పంపాను.

12 బై 18 అంగుళాలు, మ్యాట్ కాగితం. అంగుళానికి 300 చుక్కల లెక్కన 5400 బై 3600 పిక్సెళ్ళు కావాలి, మా కెమెరా ఇచ్చేది 6000 బై 4000. కాబట్టి పెద్దగా సాగదియ్యకుండా సరిపోయింది. ఫ్రేములో అద్దానికీ ఫోటోకీ మధ్య మౌంటు (చుట్టూ అట్ట అంచు) వేయించాను. గోదావరి ఒడ్డున తేమకి అద్దం ఆనుకున్న ఫోటో ఏళ్ళు గడిస్తే అతుక్కుపోతుంది. వాళ్ళ నాన్నగారి పాత ఫోటోలు కొన్ని స్కాన్ చెయ్యమని ఇచ్చారు. అందులో ఒకటి అలా అతుక్కుపోయిందే, అద్దంతో పాటే స్కాన్ చెయ్యాల్సి వచ్చింది.

ఫైళ్ళు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చి, కాగితం మీద తెలుగులో రాసిచ్చాను: ఎప్పుడు పెద్దది చేయించుకున్నా ఇందులోంచే చేయించుకోండి, వాట్సాప్‌లో వచ్చినదాంతో వద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో సైజు బాగా తగ్గిపోతుంది. చాలా ఇళ్ళలో చివరికి మిగిలేది ఆ తగ్గిపోయినదే.

లెక్క కూడా చెప్పాలి. ఇంటికి వెళ్ళిరావడం, గది సర్దుకోవడం, షూట్, ఎంపిక, ఎడిటింగు, ల్యాబు చుట్టూ రెండుసార్లు తిరగడం, అన్నీ కలిపి పదమూడు గంటలు. 186 ఫ్రేములకీ షట్టర్ తెరుచుకున్న సమయం కలిపితే ఒక్క సెకను కూడా లేదు. ప్రింటు, ఫ్రేముతో కలిపి 7,500 రూపాయలు తీసుకున్నాను, అందులో 2,300 బయట ఖర్చు. ఎవరైనా "గంట పనికి అంతా?" అంటే ఈ లెక్కే చెబుతాను.

ఫ్రేము ఇవ్వడానికి వెళ్ళినప్పుడు కొడుకు సుత్తి, మేకు పట్టుకుని నాన్నగారి ఫోటో పక్కన గోడ కొలుస్తున్నారు. "అక్కడ కాదురా" అన్నారు మామ్మగారు. భోజనాల బల్ల ఎదురుగా, ఫ్రిజ్ పైన గోడకి పెట్టించుకున్నారు.

మూడు వారాల తర్వాత ఒక పొద్దున ఆటో ఆగిన చప్పుడైంది. మామ్మగారు ఒక్కరే వచ్చారు. బ్యాంకులో ఏదో కాగితానికి పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఎనిమిది కావాలట. ఆ పెద్దదాంట్లోంచే చిన్నవి తీసివ్వమన్నారు. కళ్ళజోడు పైనుంచి చూస్తున్నది బ్యాంకువాళ్ళు ఒప్పుకోరని, కొత్తగా తియ్యాలని చెప్పాను. చేతి సంచి అత్తయ్యకిచ్చి, కుర్చీ కిటికీ వైపు తనే లాక్కుని కూర్చున్నారు.

"తెల్లది పెట్టవా ఆ పక్కన?" అని థర్మాకోల్ షీటు చూపించారు.

పెట్టాను.

"ఊఁ, ఎటు చూడమంటావు?"